స్టీలు ఫ్రేమ్ గొప్పా, అల్యూమినియం మామూలా? ఫోన్ రివ్యూలు చేసే తెలుగువాళ్లకు ఒక మిల్లింగ్ మెషిన్ మనిషి బహిరంగ లేఖ

తెలుగులో ఫోన్ రివ్యూలు చేసే అన్నలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత మెషిన్ల) షాపులో పనిచేస్తాను. పొద్దున అల్యూమినియం, మధ్యాహ్నం స్టెయిన్‌లెస్, ఎప్పుడైనా ఓ రోజు ఇత్తడి. ఇరవై రెండేళ్లుగా ఇదే బతుకు. రాత్రి భోజనం చేస్తూ మీ వీడియోలు చూస్తాను. కెమెరాల గురించి, ప్రాసెసర్ల గురించి నాకు తెలిసింది తక్కువ, కాబట్టి మీరు చెప్పింది బుద్ధిగా వింటాను. ఫోన్‌ని పక్కకి తిప్పి, అంచు మీద బొటనవేలు రాస్తూ, "ఇది స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రో, ప్రీమియం ఫీల్. దాంట్లో ఉన్నది మామూలు అల్యూమినియమే" అంటారు చూడండి, అక్కడ మాత్రం నా చేతిలో ముద్ద ఆగిపోతుంది.

ఆ "మామూలు" అనే మాట కోసమే ఈ ఉత్తరం.

పోయినేడు మా బావమరిది సెకండ్ హ్యాండ్‌లో ఫోన్ కొనాలనుకున్నాడు. బైకు మీద పార్సిళ్లు తిప్పే పని వాడిది. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, ఒకే సైజు ఫోన్లు రెండు చూసుకున్నాడు. ఒకటి అల్యూమినియం, ఒకటి స్టీలు. వరసగా నాలుగు వీడియోలు చూసి, స్టీలుదానికి ఎనిమిది వేలు ఎక్కువ పెట్టాడు. "బావా, సర్జికల్ గ్రేడ్ అంట" అని తెచ్చి నా చేతిలో పెట్టాడు. నిజంగానే బాగుంది, అద్దంలా మెరుస్తోంది. ఆ సాయంత్రమే నూట యాభై రూపాయల నల్ల పౌచ్ తొడిగించుకొచ్చాడు. ఆ మెరుపుని మళ్లీ ఎవరూ చూడలేదు, వాడితో సహా. మిగిలింది జేబులో బరువు.

ఏప్రిల్ వచ్చింది. హ్యాండిల్ మీద హోల్డర్‌లో పెట్టిన ఫోన్ మధ్యాహ్నం పూట తనంతట తనే వెలుగు తగ్గించుకోవడం, ఛార్జింగ్ ఆపేసుకోవడం మొదలుపెట్టింది. "స్టీలు కదా బావా, గట్టిది కదా, ఎండకి ఏమవుద్ది?" అని వాడి ఆశ్చర్యం. ఎర్రటి ఎండలో ఏ ఫోనైనా కాలుతుంది, అల్యూమినియందే కొన్నా వాడి తిప్పలు పూర్తిగా తప్పేవి కావు. కానీ లోహం గట్టితనం వేరు, వేడిని మోసుకెళ్లే గుణం వేరు అని ఆ నాలుగు వీడియోల్లో ఒక్కరూ చెప్పలేదు. వాడు పెట్టిన ఎనిమిది వేలు ఏ గుణానికి పెట్టాడో వాడికే తెలియదు.

ఈ రెండు లోహాలూ మన వంటింట్లో ఎప్పటినుంచో పక్కపక్కనే ఉన్నాయి. అల్యూమినియాన్ని మా అమ్మ ఇప్పటికీ "సిల్వర్" అంటుంది. సిల్వర్ గిన్నె, సిల్వర్ బిందె. పెళ్లికి పెట్టే సామాను మాత్రం స్టీలే కావాలి, దాని మీద పేరూ తారీఖూ చెక్కించాలి. మీ నోట్లో "ప్రీమియం" అనే మాట బహుశా అక్కడే పుట్టి ఉంటుంది. అయితే అదే అమ్మని పలచటి స్టీలు గిన్నెలో పాలు కాచమని చూడండి. అడుగంటుతుందని ఒప్పుకోదు. మంట తగిలిన చోటే వేడి నిలిచిపోతుంది స్టీల్లో, చుట్టూ పాకదు. స్టీలు గిన్నెల అడుగున రాగి వేసి అమ్మడం మొదలుపెట్టింది అందుకే. ఇంకో తేలికైన పరీక్ష ఉంది. మరుగుతున్న పప్పులో ఒక సిల్వర్ గరిటె, ఒక స్టీలు గరిటె వేసి ఐదు నిమిషాలాగి కాడలు పట్టుకోండి. సిల్వర్ గరిటె చెయ్యి కాలుస్తుంది. స్టీలుది ఇంకా పట్టుకోనిస్తుంది. ఫోన్ ఫ్రేమ్ విషయంలో భౌతికశాస్త్రం మొత్తం ఆ రెండు కాడల్లో ఉంది.

లెక్కల్లో కావాలంటే ఇవిగో. ఉష్ణవాహకత, అంటే మీటరుకి డిగ్రీకి ఎన్ని వాట్ల వేడి పారుతుందనే కొలత, 6063 రకం అల్యూమినియానికి 200 దగ్గర ఉంటుంది. గట్టిదైన 7075 రకానికి 130 దగ్గర. సర్జికల్ గ్రేడ్ అని మీరు ముద్దుగా పిలిచే 316ఎల్ స్టీలుకి 16. మొన్నమొన్నటిదాకా ఆకాశానికెత్తిన గ్రేడ్ 5 టైటానియానికి 7 దగ్గర. ప్రాసెసర్ దగ్గర పుట్టిన వేడి ఫోనంతా పరుచుకుని, గాలిలోకీ చేతిలోకీ పోవాలి. ఆ దారిలో స్టీలు ఇరుకు సందు, అల్యూమినియం నాలుగు లైన్ల రోడ్డు. అందుకని అల్యూమినియం ఫోన్ పట్టుకుంటే ఒక్కోసారి ఒళ్లంతా వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది. అప్పుడు మీరు "హీటింగ్ ఇష్యూ ఉంది" అని చెప్పేస్తారు. వేడి ఒక్కచోట పేరుకోకుండా బయటికొస్తోందని కూడా దానికి అర్థం కావచ్చు. చేతికి తగిలే వేడి ఒకటి, లోపల చిప్ అనుభవించే వేడి ఒకటి.

ఇది మనకి ఎందుకు ముఖ్యమంటే, ఐఫోన్లు వాడటానికి తగిన వాతావరణం 0 నుంచి 35 డిగ్రీలని ఆపిల్ తానే రాస్తుంది. 35 దాటని మే నెల రామగుండంలో ఎవరైనా చూశారా? రెంటచింతలవాళ్లని అడిగితే నవ్వుతారు. ఈ ఫోన్లకి రాసిన హద్దు మన ఎండాకాలం మొదలయ్యేచోటే ముగుస్తుంది. ఏసీ గదిలో, రింగ్ లైట్ ముందు, "ఫీల్" గురించి చెప్పే పది నిమిషాల్లో రెండు నిమిషాలు మిద్దె మీదికి తీసుకెళ్లి మధ్యాహ్నం మ్యాప్ ఆన్ చేసి చూపించండి. మా బావమరిదిలాంటివాళ్లు లక్షల్లో ఉన్నారు మీ సబ్‌స్క్రైబర్లలో.

ఇప్పుడు బరువు సంగతి. దీనికి 2020 నాటి ఐఫోన్ 12, 12 ప్రో జంటకన్నా మంచి ఉదాహరణ దొరకదు. పొడవు 146.7, వెడల్పు 71.5, మందం 7.4 మిల్లీమీటర్లు. రెండిటికీ అవే కొలతలు, అదే 6.1 అంగుళాల స్క్రీను. 12ది అల్యూమినియం, 12 ప్రోది స్టీలు. బరువులో తేడా 25 గ్రాములు. మరుసటి ఏడాది 13, 13 ప్రో కూడా ఒకే పొడవు, ఒకే వెడల్పు, ఒకే మందం. తేడా 30 గ్రాములకి చేరింది. అంతా ఫ్రేమ్ బరువే అనను. ప్రోలో ఇంకో కెమెరా ఉంది, దూరం కొలిచే లైడార్ ఉంది. కానీ మా షాపు లెక్క ఒకటి వేద్దాం. అల్యూమినియం ఘన సెంటీమీటరుకి 2.7 గ్రాములు, స్టీలు 8. చుట్టూ ఫ్రేమ్‌లో నాలుగు ఘన సెంటీమీటర్ల లోహం ఉందనుకుంటే లోహం మార్చినందుకే 21 గ్రాములు పెరుగుతాయి. ఆ 12కి మన దేశంలో మొదటి ధర 79,900, 12 ప్రోకి 1,19,900. నలభై వేల తేడాలో కెమెరా ఎంత, స్టోరేజీ ఎంత, స్టీలు ఎంత అని విడదీసి చెప్పిన రివ్యూ నేను చూడలేదు. "స్టీల్ ఫ్రేమ్, అందుకే ప్రో" అన్నవి మాత్రం చాలా చూశాను.

పోనీ బరువంటేనే గొప్ప అనుకుందామా? చేతికి బరువుగా తగిలితే విలువైనదనిపించడం మనిషి స్వభావం, కాదనను. బంగారంతో అలవాటైపోయింది మనకి. కానీ 2023లో అదే కంపెనీ స్టీలు వదిలి టైటానియానికి మారినప్పుడు మీరేమన్నారో మీ పాత వీడియోలు పెట్టుకుని వినండి. 14 ప్రో 206 గ్రాములు, 15 ప్రో 187. ప్రో మ్యాక్స్ 240 నుంచి 221కి దిగింది. "వావ్, ఎంత లైట్‌గా ఉందో, ప్రీమియం!" అన్నారు. నిన్నటిదాకా బరువు ప్రీమియం, ఇవాళ తేలిక ప్రీమియం. అసలు తమాషా 2025లో జరిగింది. ఐఫోన్ 17 ప్రో మళ్లీ అల్యూమినియానికి వచ్చింది. పేరుకి ప్రో, ధరకి ప్రో, లోహం మాత్రం మీరు "మామూలు" అన్నదే. ఒకే దిమ్మ నుంచి తయారైన బాడీ, లోపల వేడిని లాగే వేపర్ ఛాంబర్, ఆ ఛాంబర్‌ని బాడీకి లేజర్‌తో అతికించారు. వేడిని పరచడం కోసమే ఆ మార్పు అని కంపెనీ చెప్పింది. బరువు చూస్తే 206 గ్రాముల దగ్గరే, స్టీలు కాలం నాటి 14 ప్రో ఎంతో ఇదీ అంతే. ఫోన్ పెద్దదైంది, మందమైంది, బ్యాటరీ పెరిగింది. అల్యూమినియం అంటే తేలిక అని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లకీ ఇందులో జవాబుంది.

బలం దగ్గరికొద్దాం. మీరు ఎక్కువ పొరపాటు పడేది ఇక్కడే, నాకు ఎక్కువ చెప్పాలనిపించేదీ ఇక్కడే.

ఎవరైనా మా దగ్గరికొచ్చి "అల్యూమినియంతో ఒక పార్ట్ చెయ్యాలి" అంటే మేం అడిగే మొదటి ప్రశ్న "ఏ నంబరు?" అని. రాణిగంజ్‌లో మెటీరియల్ కొట్టుకి వెళ్లి ఉత్తినే అల్యూమినియం అంటే కొట్టువాడు మన మొహం చూస్తాడు. 6000 వరసలో మెగ్నీషియం, సిలికాన్ కలుపుతారు. 7000 వరసలో ముఖ్యంగా జింకు. వంటింట్లోనూ ఇదే తేడా ఉంది. సిల్వర్ గిన్నె వేరు, హిండాలియం గిన్నె వేరు. ఏది సొట్టపడుతుందో, ఏది నిలబడుతుందో అమ్మలకి చెప్పక్కర్లేదు. ఫోన్లకొచ్చేసరికి అందరం ఒకే మాట అనేస్తున్నాం.

నంబరు మారితే ఏమవుతుందో 2014, 2015 చెబుతాయి. ఐఫోన్ 6 ప్లస్ జేబులో వంగిపోతోందని గొడవ లేచింది. ప్రపంచమంతా "అల్యూమినియం మెత్తన" అని తీర్పు చెప్పింది. 2018లో అమెరికా కోర్టు కాగితాల్లో అసలు సంగతి బయటికొచ్చింది. అంతకుముందు మోడల్ 5ఎస్‌తో పోలిస్తే 6కి వంగే అవకాశం 3.3 రెట్లు, 6 ప్లస్‌కి 7.2 రెట్లు ఎక్కువని కంపెనీ సొంత పరీక్షల్లోనే తేలింది. ఇక్కడ గమనించాల్సింది, 5ఎస్ కూడా అల్యూమినియమే. మరుసటి ఏడు 6ఎస్‌కి 7000 వరస లోహం వాడారు, వంగుతుందన్న గోల సద్దుమణిగింది. అదీ అల్యూమినియమే. మందం, ఆకారం, బటన్ల కోసం తవ్విన చోట ఎంత లోహం మిగిలింది, ఏ నంబరు, ఏ ఉష్ణ చికిత్స: బలం వీటన్నిటి లెక్క.

"సరే, కానీ స్టీలు ఇంకా బలమైనదే కదా?" అంటారు. దేంట్లో? మెత్తబరిచిన 316ఎల్ పట్టీ 200 మెగాపాస్కల్స్ (ఒత్తిడి కొలత) చుట్టుపక్కలే శాశ్వతంగా వంగడం మొదలుపెడుతుంది. 7075ని ఉష్ణ చికిత్సతో టీ6 అనే గట్టి స్థితికి తెస్తే 500 దాకా తట్టుకుంటుంది. ఆశ్చర్యపోకండి, మొదటిసారి పట్టిక చూసినప్పుడు నేనూ నమ్మలేదు. వేడి చేయకుండా సాగదీసి, నొక్కి 316ఎల్ బలం బాగా పెంచొచ్చు, పెంచుతారు కూడా. మళ్లీ అదే మాట: లోహం పేరు చాలదు.

స్టీలుకి నిజంగా ఉన్న గొప్ప వేరే ఉంది, దాన్ని మీరెవరూ చెప్పరు. సాగకుండా, లొంగకుండా నిలిచే బిగువు. అల్యూమినియానికి అది 70 గిగాపాస్కల్స్ దగ్గర, స్టీలుకి 193 దగ్గర, టైటానియానికి 114. అంటే ఒకే మందం పట్టీలు రెండు తీసుకుంటే స్టీలు పట్టీని వంచడం రెండున్నర రెట్లకి పైగా కష్టం. కానీ ఈ అంకెల్ని ఆయా లోహాల సాంద్రతతో భాగించి చూడండి. మూడూ 24కీ 26కీ మధ్య వచ్చి ఆగుతాయి! ప్రకృతి ముగ్గురికీ ఒకే తూకం వేసినట్టు. ఇంకో అడుగు వెయ్యండి. ఒకే వెడల్పు, ఒకే బరువు పట్టీలు తీసుకుంటే అల్యూమినియం పట్టీ మూడింతల మందం ఉంటుంది. వంగుడుకి అడ్డుపడే గుణం మందం ఘనంతో పెరుగుతుంది కాబట్టి, ఆ మందపు అల్యూమినియం పట్టీ స్టీలు పట్టీకన్నా దాదాపు తొమ్మిదింతలు బిగువుగా నిలబడుతుంది. విమానాలు అల్యూమినియంతో ఎగరడానికి ఇదొక కారణం. మరి ఫోన్‌లో స్టీలు ఎందుకు పెట్టారు? ఫోన్‌లో చోటు లేదు. బ్యాటరీ కోసం, యాంటెన్నాల కోసం ప్రతి సగం మిల్లీమీటరుకీ లోపల తగాదా నడుస్తుంది. గోడ సన్నగా ఉండాలి, లొంగకూడదు అంటే స్టీలు పనికొస్తుంది. బరువు ఒప్పుకోం, చోటు ఇస్తాం అంటే అల్యూమినియం. ఇది ఇంజనీరు చేసుకునే బేరం. ఇందులో పెద్దింటి పిల్ల, పేదింటి పిల్ల అన్న తేడా ఎక్కడుంది?

ధర ఎక్కువ కావడానికి మెషిన్ మీద కారణం ఉంది, అది నేను రోజూ చూసేదే. అల్యూమినియాన్ని కార్బైడ్ ఎండ్ మిల్ అనే కోత టూల్‌తో నిమిషానికి మూడు నాలుగొందల మీటర్ల వేగంతో కోసేస్తాం. వెన్నలా పోతుంది, చిప్స్, అంటే కోసిన లోహపు తునకలు, ఎగిరిపడతాయి. స్టెయిన్‌లెస్ మీద వంద దాటాలంటే ఆలోచిస్తాం. పైగా దానికి ఒక మొండి గుణం ఉంది. టూల్ మొద్దుబారి, కొయ్యకుండా రుద్దిందనుకోండి, రుద్దిన చోట లోహం ఇంకా గట్టిపడిపోతుంది. తర్వాతి టూల్ దాని మీద పళ్లు విరగ్గొట్టుకుంటుంది. చిప్స్ తీగల్లా చుట్టుకుంటాయి, చెయ్యి పెడితే తెగుతుంది. మా వేళ్ల మీద గాట్లలో ఎక్కువ స్టెయిన్‌లెస్ ఇచ్చినవే. దాని తర్వాత అద్దంలా పాలిష్ చేయాలి. కాబట్టి స్టీలు ఫ్రేమ్‌కి ఖర్చు ఎక్కువ, నిజమే. ఖర్చు ఎక్కువైందంటే కొన్నవాడికి అంతకంత మేలు జరిగిందని కాదు కదా. హోసూరులో టాటా ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఐఫోన్ల లోహపు బాడీలు తయారుచేస్తున్నారు. ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్లు ఎన్నో. ఆ మెషిన్ల ముందు నిలబడే మనపిల్లలు ఎవరైనా మీ వీడియో చూస్తే "ఏ నంబరు అన్నా?" అని అడగాలనిపిస్తుంది వాళ్లకి కూడా.

గీతల విషయంలో మీరు చెప్పేది సగం నిజం. అల్యూమినియం మెత్తన, కానీ మీ వేలికి తగిలేది అల్యూమినియం కాదు. ఆమ్లంలో ముంచి కరెంటు పంపి పెంచిన ఆక్సైడు పొర. అనోడైజింగ్ అంటాం. సన్న సన్న రంధ్రాలుంటాయి దానికి, రంగు ఆ రంధ్రాల్లోకి దిగుతుంది, తర్వాత మూసేస్తారు. ఆ పొర చాలా గట్టిది, కానీ మైక్రాన్ల మందమే. పదునైన అంచుల దగ్గర పొర సరిగా నిలవదు, గట్టిగా తగిలితే పెచ్చు లేస్తుంది, కింద తెల్లటి లోహం కనిపిస్తుంది. 2012లో నల్ల ఐఫోన్ 5కి ఇదే జబ్బు, మరుసటి ఏడు ఆ నలుపు పోయి బూడిద రంగు వచ్చింది. 2025లో 17 ప్రో కెమెరా గట్టు అంచుల దగ్గర మళ్లీ ఇవే ఫిర్యాదులు. స్టీలు మీద రంగు ఇంకో పద్ధతి, శూన్యంలో ఆవిరి చేసి అతికించే పలచని పూత. అది తేలిగ్గా లేవదు గానీ, మెరుపు ఉంది చూశారూ, దాని మీద జేబులో తాళంచెవి రాసినా సన్నటి వెంట్రుక గీత కనపడుతుంది. వేలిముద్రలు సరేసరి. పూత లేని వెండి రంగు స్టీలు అయితే ఒక సుగుణం ఉంది, గుడ్డకి పాలిష్ పెట్టి రుద్దితే గీతలు పోతాయి. అల్యూమినియాన్ని అలా రుద్దితే ఉన్న పొర కూడా పోతుంది. ఇది చెప్పండి. కొనేవాడికి పనికొచ్చే మాట ఇది. బాక్స్ తెరిచిన రోజే గీతల గురించి తీర్పు చెప్పడం, పెళ్లిచూపుల్లోనే కాపురం గురించి చెప్పడం లాంటిది. ఆర్నెల్లు పౌచ్ లేకుండా వాడిన ఫోన్ ఒకటి చూపించండి.

మాగ్నెట్ పరీక్ష ఒకటి చేస్తున్నారు ఈమధ్య. గిన్నెల కొట్లో నేర్చుకున్నదే. ఫోన్ అంచుకి అయస్కాంతం పెట్టి, "అంటుకోలేదు, ఒరిజినల్ స్టీల్" అని. అయ్యా, 316 అంటుకోదు, అల్యూమినియం అంటుకోదు, టైటానియం అంటుకోదు, ప్లాస్టిక్ కూడా అంటుకోదు.

ప్లాస్టిక్ అంటే గుర్తొచ్చింది. అసలు జనం మోసపోయే చోటు స్టీలుకీ అల్యూమినియానికీ మధ్య లేదు, ఇరవై, ముప్పై వేల ఫోన్లలో లోహానికీ లోహం రంగు వేసిన ప్లాస్టిక్‌కీ మధ్య ఉంది. గెలాక్సీ ఏ54లో ఫ్రేమ్ ప్లాస్టిక్, మరుసటి ఏటి ఏ55లో అల్యూమినియం. బయటికి చూస్తే తేడా పోల్చడం కష్టం. నథింగ్ వాళ్ల మొదటి ఫోన్ అల్యూమినియం, తర్వాత వచ్చిన 2ఏ ప్లాస్టిక్. ప్లాస్టిక్‌కి దాని మంచి దానికుంది, సిగ్నల్‌కి అడ్డుపడదు, పడితే సొట్టపోదు. కానీ ఏదో చెప్పాలి కదా. స్పెసిఫికేషన్లలో "మెటాలిక్ ఫినిష్" అని ఉంటే అది లోహం అని కాదు, లోహంలా కనిపిస్తుందని. దాన్ని మీరు "మెటల్ ఫ్రేమ్" అని చదివేస్తున్నారు. పైస్థాయిలో మెరుపు మాయ ఇంకోరకం. పిక్సెల్ 9, పిక్సెల్ 9 ప్రో రెండిటి ఫ్రేమూ అల్యూమినియమే. ఒకదానికి మ్యాట్, ఇంకోదానికి అద్దపు పాలిష్. ఆ పాలిష్ చూసి "స్టీల్‌లాంటి ప్రీమియం" అన్నవాళ్లు మీలో ఉన్నారు, పేర్లొద్దు.

సిగ్నల్ గురించి ఒక్క ముక్క. ఏ లోహమైనా రేడియో తరంగాలకి గోడే. అందుకే ఫ్రేమ్ మధ్యలో ఆ సన్నటి ప్లాస్టిక్ గీతలు. 2010లో ఐఫోన్ 4 స్టీలు పట్టీనే యాంటెన్నా చేసింది. కింద ఎడమ మూల ఖాళీని అరచేత్తో మూస్తే సిగ్నల్ పడిపోయేది. చివరికి అందరికీ ఉచితంగా బంపర్లు, అంటే అంచు చుట్టూ తొడిగే కవర్లు, పంచాల్సొచ్చింది. స్టీలు మంచిదే, పట్టుకునే చెయ్యి గుర్తురాలేదు వాళ్లకి.

రిపేరు దగ్గర ఆగాలి. మా ఆవిడ ఫోన్ మెట్ల మీద మూలకి పడింది. గ్లాసు పగిలింది, అల్యూమినియం మూల లోపలికి నొక్కుకుంది. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కి తీసుకెళ్తే ఆ కుర్రాడు డిస్‌ప్లే తియ్యకముందే మూల చూశాడు. "అన్నా, ఇది సాఫ్ చెయ్యకుండా కొత్తది కూర్చోబెడితే వారంలో మళ్లీ పగుల్తది" అన్నాడు. నొక్కుకున్న లోహం కొత్త గ్లాసు అంచుని నొక్కుతూ ఉంటుందట. చిన్న ఆకురాయితో ఓపిగ్గా రాసి సరిచేశాడు. అదే స్టీలు అయితే? "సొట్ట తక్కువ పడ్తది, పడితే మాత్రం మాతో కాదు" అన్నాడు. రెండు వాక్యాల్లో వాడు చెప్పిన పోలిక మీ పదిహేను నిమిషాల్లో లేదు. కోప్పడకండి, వాడి చేతిలో రోజుకి ఇరవై విరిగిన ఫోన్లు ఉంటాయి, మీ చేతిలో కొత్తవే ఉంటాయి.

ఇంకో సంగతి అతనికీ తెలుసు, మీరు చెప్పరు. 2022లో ఐఫోన్ 14 లోపలి నిర్మాణం మార్చారు. వెనక గ్లాసు విడిగా ఊడొస్తుంది. అదే ఏడాది స్టీలు 14 ప్రోకి ఆ మార్పు ఇవ్వలేదు. వారంటీ బయట వెనక గ్లాసు మార్చడానికి అమెరికాలో కంపెనీ పెట్టిన ధర 14కి 169 డాలర్లు, 14 ప్రోకి 499. లోహం వల్ల కాదు ఆ తేడా, లోపలి అమరిక వల్ల. కానీ "స్టాండర్డ్" అన్న ఫోన్ "ప్రో"కయ్యే ఖర్చులో మూడో వంతుకే బాగయ్యేదని ఎంతమంది విన్నారు? మధ్యతరగతి ఇంట్లో ఫోన్ ఐదారేళ్లు చేతులు మారుతుంది. అన్న నుంచి చెల్లికి, చెల్లి నుంచి నాన్నకి. అలాంటి ఇంటికి ఈ 169కీ 499కీ మధ్య తేడా ఫ్రేమ్ మెరుపుకన్నా పెద్ద సంగతి.

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే స్మార్ట్‌ఫోన్ల మీద ఒక లేబుల్ తప్పనిసరి చేశారు. కిందపడితే ఎంతవరకు తట్టుకుంటుంది, రిపేరు ఎంత తేలిక అన్నవాటికి అక్షరాల గ్రేడులు ఇస్తారు, బ్యాటరీ ఎన్ని ఛార్జింగులు నిలుస్తుందో అంకె వేస్తారు. ఆ లేబుల్ మీద లోహం పేరు ఉండదు. పడేసి చూశారు, ఫలితం రాశారు, అంతే. మన దగ్గర అలాంటి లేబుల్ ఇంకా లేదు కాబట్టి ఆ పని సగమైనా మీ మీద పడుతోంది.

మీ నుంచి నేను కోరేది పెద్దదేం కాదు. స్టీలుని పొగడొద్దని అనను, స్టీలు నాకు అన్నం పెడుతుంది. కంపెనీ "ఏరోస్పేస్ గ్రేడ్" అంటే ఏ నంబరని అడగండి, చెప్పకపోతే చెప్పలేదని వీడియోలో అనండి. ఆ రెండు మాటలకీ మా షాపులో విలువ లేదు, నంబరు లేకుండా మెషిన్ మీద దిమ్మ ఎక్కదు. అన్నదమ్ముల్లాంటి రెండు మోడళ్లని పక్కపక్కన కాటా మీద పెట్టండి, కూరగాయల కాటా అయినా చాలు. ఎండలో వాడి చూపించండి. పౌచ్ వేశాక ఆ మెరుపులో ఎంత మిగిలిందో ఒక్క షాట్ పెట్టండి. "మామూలు అల్యూమినియం" అనే మాట దయచేసి మానెయ్యండి. కంచన్‌బాగ్‌లోని మిధాని అనే ప్రభుత్వ లోహాల కంపెనీలో టైటానియం కరిగిస్తారు మన ఊళ్లోనే. అక్కడ పనిచేసే మా స్నేహితుడు ఒకడు టైటానియాన్ని కూడా "మొండిది" అంటాడే తప్ప "ప్రీమియం" అని ఎప్పుడూ అనలేదు.

ఆదివారం మధ్యాహ్నం తర్వాత మా షాపులో ఒక మెషిన్ ఖాళీగా ఉంటుంది, ఓనర్‌ని ఇప్పటికే ఒప్పించాను. జగదీశ్ మార్కెట్‌లో పాడైన ఫోన్ల ఖాళీ ఫ్రేములు దొరుకుతాయి, ఒక అల్యూమినియందీ ఒక స్టీలుదీ పట్టుకురండి. అడ్డంగా కోసి గోడ మందం ఎంతో మైక్రోమీటర్‌తో కొలుద్దాం, ఒక చివర వేడి చేసి రెండో చివర వేలు పెట్టి చూద్దాం, వైస్‌లో బిగించి వంచుదాం. కెమెరా మీరు పట్టుకోండి, కళ్లద్దాలు నేనిస్తాను. పూర్తి చేతుల చొక్కా మాత్రం వేసుకురాకండి, మెషిన్ దగ్గర ఒప్పుకోరు.

ఇట్లు,
బాలానగర్ నుంచి
మీ వీడియోలు చివరిదాకా చూసే ఒక మిల్లింగ్ ఆపరేటర్